ఇంట్లో పెద్దాయన జీవితం రాసిపెట్టడం ఎలా: మా పళ్ళ డాక్టరు మావగారి దగ్గర తెలుసుకున్న పద్ధతి

మా మావగారు పళ్ళ డాక్టరు. మద్రాసులో బీడీఎస్ చదివారు. చైనా యుద్ధం తర్వాత ఆర్మీ డెంటల్ కోర్‌లో చేరారు. 1965లో పంజాబ్ సరిహద్దులో ఉన్నారు. 1968లో బయటికొచ్చి గూడూరులో క్లినిక్ పెట్టి, చెయ్యి వణకడం మొదలయ్యేదాకా అక్కడే పనిచేశారు. ఇప్పుడు చెన్నై పెరంబూరులో మా దగ్గరే ఉంటున్నారు. ఆయన కథ ఎవరైనా రాసిపెడితే బాగుంటుందని చుట్టాలు ప్రతి పెళ్ళిలోనూ అనుకునేవాళ్ళు, భోజనాలయ్యాక మర్చిపోయేవాళ్ళు. నాది డీటీపీ పని. తెలుగు పెళ్ళికార్డులు, గృహప్రవేశం పత్రికలు, అప్పుడప్పుడూ ఎవరిదో ఒక కవితల పుస్తకం. టైపింగ్ వచ్చు కాబట్టి ఈ పని నా మెడకు చుట్టుకుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దాయన ఉండొచ్చు. డెంటిస్టే కానక్కర్లేదు, పాత సుబేదారో, రైల్వే గార్డో, కాంపౌండరో ఎవరైనా సరే, ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలో నాకు తెలిసినంత చెబుతాను.

అందరికీ యుద్ధమే కావాలి. మనవళ్ళకు మరీను. తుపాకీ కాల్చావా తాతా, బాంబులు పడ్డాయా తాతా. కాశ్మీరులో ఆగస్టు నుంచే గొడవలున్నా, మన సైన్యం లాహోర్ వైపు సరిహద్దు దాటింది 1965 సెప్టెంబరు 6న, కాల్పులు ఆగింది 23న. మూడు వారాలు కూడా నిండలేదు. గూడూరులో ఆయన కుర్చీ పక్కన నిలబడింది దశాబ్దాల తరబడి. రాసేవాళ్ళు ఆ మూడు వారాలకు యాభై పేజీలు ఇచ్చి, మిగతాదంతా "తర్వాత సొంత ఊళ్ళో ప్రాక్టీసు చేశారు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నేనైతే యుద్ధంతో మొదలుపెట్టొద్దంటాను. అది దానంతటదే వస్తుంది. ఎలా వస్తుందో కింద చెబుతాను.

కూర్చోబెట్టే ముందు

ఫోన్లో రికార్డర్ చాలు, మైకులూ గీకులూ కొననక్కర్లేదు. కానీ ఫ్యాను ఆపాలి. చెవికి తెలియదు గానీ, రికార్డింగులో ఫ్యాను చప్పుడు మాటల మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. చెన్నైలో మే నెలలో ఫ్యాను ఆపి పెద్దవాళ్ళను కూర్చోబెట్టడం పాపం, అందుకే డిసెంబరు, జనవరి మంచి కాలం. మరీ తెల్లవారుజామునే మొదలుపెడితే ధనుర్మాసం మైకులు ఊరుకోవు. పొద్దున టిఫిను, బీపీ మాత్ర అయ్యాక, కుక్కరు పెట్టేలోపు ఒక గంట దొరుకుతుంది. అదే మీ టైము. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఉంచండి, బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన ప్రతిసారీ ఢామ్మంటుంది. ఏ చెవి బాగా వినిపిస్తుందో చూసుకుని ఆ పక్కన కూర్చోండి. చెవి మిషన్ ఉంటే బ్యాటరీ ముందే చూసుకోండి.

ఇంకో సంగతి పుస్తకాల్లో రాయరు. పళ్ళ సెట్టు. మా మావగారు ఊరందరికీ సెట్లు కట్టి, చివరికి తానూ సెట్టు పెట్టుకుంటున్నారు. టిఫిను కాగానే తీసి గ్లాసులో వేస్తారు. అది లేకుండా మాట్లాడితే స, ఫ, థ అన్నీ ఒకేలా వినిపిస్తాయి, తర్వాత టైపు చేసేటప్పుడు "సియాల్‌కోట్" ఏదో, "హాల్టు" ఏదో తెలియక జుట్టు పీక్కోవాలి. "మావయ్యగారూ, సెట్టు పెట్టుకోండి, రికార్డింగు" అని మొహమాటం లేకుండా అడిగేయండి. ఆయనకు అది వృత్తి సలహాలాగే అనిపిస్తుంది.

"మీ జీవితం గురించి చెప్పండి" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా సన్మానసభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. పేద కుటుంబం, కష్టపడి చదువు, దేవుడి దయ, అంతే. పది నిమిషాల్లో అయిపోతుంది.

పెట్టె తెరవండి

ప్రశ్న బదులు చేతిలో వస్తువు పెట్టండి. పళ్ళ డాక్టరు ఇంట్లో ఇది తేలిక, ఎందుకంటే వాళ్ళు ఏదీ పారెయ్యరు. మా అటక మీది రేకు పెట్టెలో పళ్ళు పీకే ఫోర్సెప్స్, పంటిని కదిలించే ఎలివేటర్లు, గాజు సిరంజీలు, స్పిరిట్ దీపం, ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నె అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే ఇచ్చి "ఇది దేనికి?" అని అడగాలి. పై దవడ పళ్ళకు వేరే, కింది దవడకు వేరే. పై వరసలో నమిలే పళ్ళకు కూడా కుడి వైపుకి ఒకటి, ఎడమ వైపుకి ఒకటి, ఎందుకంటే ఆ పంటికి బుగ్గ వైపు రెండు వేర్లూ అంగిలి వైపు ఒకటీ ఉంటాయి, పట్టకారు ముక్కు దాన్ని బట్టి ఉండాలి. ఇదంతా ఆయన నోటితో కాదు, చేత్తో చెప్పారు. వణికే చెయ్యి ఫోర్సెప్స్ పట్టుకోగానే మణికట్టు దగ్గర బిగుసుకుని, బొటనవేలు రెండు పిడుల మధ్యకి దానంతటదే పోయింది. ఇలాంటి చోట వీడియో తీయండి, మొహం కాదు, చేతులు.

"ఎక్కడ నిలబడేవారు?" అన్నది నాకు దొరికిన మంచి ప్రశ్నల్లో ఒకటి. కుడిచేతివాటం డాక్టరు దాదాపు అన్ని పళ్ళకూ పేషెంటుకి కుడిపక్కగా, ముందు వైపు నిలబడతాడు. కింది కుడి దవడ పళ్ళకు మాత్రం కుర్చీ వెనక్కి వెళ్ళాలి. మావగారు లేచి నిలబడి మా డైనింగు కుర్చీ చుట్టూ తిరిగి చూపించారు. ఆ తిరగడంలో ఆయన క్లినిక్ మొత్తం బయటికొచ్చింది. కిటికీ ఏ వైపు, కుర్చీ దానికెదురుగా ఎందుకు, కరెంటు పోతే ఏం చేసేవారు. కరెంటు పోయినా కాలితో తొక్కే డ్రిల్లు ఉండేది. కుట్టుమిషన్ లాగే పెడల్, చక్రం, బెల్టు. తొక్కే కాలు అలిసిపోతే డ్రిల్లు నెమ్మదిస్తుంది, పంటికి నొప్పి పెరుగుతుంది. ఎయిరోటర్ అనే గాలితో తిరిగే వేగమైన డ్రిల్లు 1957లోనే అమెరికా మార్కెట్లోకి వచ్చింది. గూడూరు లాంటి ఊరికి అది చేరేసరికి ఎన్నేళ్ళు పట్టిందో మీ పెద్దాయన్ని అడగండి, ఒక ఊరి చరిత్ర చెబుతారు.

ఆ పెట్టెలోనే ఒక చిన్న తీగ కత్తెర ఉంది. అది కూడా పళ్ళ పనికేననుకుని ఇచ్చాను. ఆయన కాసేపు తిప్పి చూసి, "ఇది పేషెంటుతో పాటు పంపాలమ్మా" అన్నారు. యుద్ధం అక్కడ మొదలైంది.

ఆయన ఉన్నది ఫీల్డ్ ఆంబులెన్స్‌లో. అంటే బండి కాదు, యుద్ధభూమికి దగ్గరలో పనిచేసే వైద్య యూనిట్. యుద్ధంలో పళ్ళు పీకించుకోవడానికి ఎవరూ రారు. మొహానికి, దవడకు దెబ్బ తగిలినవాళ్ళు వస్తారు. విరిగిన దవడను నిలబెట్టడానికి పై పళ్ళకూ కింది పళ్ళకూ స్టీలు తీగ చుట్టి, రెంటినీ కలిపి కట్టేస్తారు. నోరు తెరుచుకోదు. అలా కట్టినవాడికి దారిలో వాంతి వస్తే ఊపిరి ఆడక పోతాడు. అందుకే కత్తెర పేషెంటుతోనే వెళ్ళాలి, పక్కనున్నవాడికి ఏ తీగ కత్తిరించాలో చూపించి పంపాలి. దవడ విరిగినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టకూడదు కూడా, నాలుక వెనక్కి జారి గొంతు మూసేస్తుంది. కూర్చోగలిగితే ముందుకు వంచి కూర్చోబెట్టాలి, లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇదంతా ఆయన పాఠం చెప్పినట్టు చెప్పారు, మధ్యలో ఒక కుర్రాడి ఊరి పేరు వచ్చింది, అక్కడ ఆగిపోయారు. ఆగినప్పుడు మీరూ ఆగండి. "తర్వాత ఏమైంది" అనొద్దు. నేను ఫిల్టర్ కాఫీ తెచ్చాను, ఆ రోజుకి రికార్డింగు కట్టేశాను.

యుద్ధం గురించి అడగాల్సి వస్తే చిన్నవి అడగండి. ఏం తిన్నారు, బూట్లు తడిస్తే ఏం చేశారు, ఉత్తరాలు ఎన్నాళ్ళకు వచ్చేవి, తెలుగు మాట్లాడేవాళ్ళు పక్కన ఎవరున్నారు. ఎంతమంది చచ్చారు అని అడిగితే ఆయన పేపర్లో వచ్చిన లెక్క చెబుతారు, ఆయన చూసింది చెప్పరు.

పళ్ళు చూసి ఊరు చెప్పడం

ప్రాక్టీసు రోజుల గురించి అడిగేటప్పుడు "ఎలాంటి పేషెంట్లు వచ్చేవారు" అంటే ఏమీ రాదు. వృత్తిలోంచి అడగాలి. గూడూరు చుట్టూ అభ్రకం గనులు, నిమ్మతోటలు. గని కూలీల పళ్ళు ఎలా ఉండేవి? నిమ్మకాయల బేరగాళ్ళు ఫీజు ఎలా ఇచ్చేవారు? (సంచితో ఇచ్చేవారట. మా అత్తయ్య ఆ రోజుల్లో పెట్టిన నిమ్మకాయ ఊరగాయ గురించి మాట్లాడితే ఇంకో పుస్తకం అవుతుంది.) పళ్ళు దేనితో తోముకునేవారు? వేపపుల్ల, బొగ్గు, కచ్చిక, ఇటుక పొడి. ఇటుక పొడితో ఏళ్ళ తరబడి రుద్దితే చిగురు దగ్గర పంటికి గాడి పడుతుంది, ఆ గాడిని చూసి ఏ వైపు ఎక్కువ రుద్దేవాడో కూడా తెలుస్తుంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది గారపళ్ళ సంగతి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల బావినీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అవన్నీ నెల్లూరు జిల్లాలోనివే. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు) గురించి మొదట్లో రాసిన వైద్యుల్లో షార్ట్ అనే ఆయన 1937లో రాసింది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ నెల్లూరు జిల్లా గురించే. ఫ్లోరైడు మరకలు పంటి పైపొర తయారయ్యే చిన్నతనంలోనే పడతాయి. పెద్దయ్యాక ఆ నీళ్ళు తాగినా పళ్ళకు ఆ మరక రాదు. కాబట్టి గోధుమరంగు చారలున్న పళ్ళతో ఒక మనిషి కుర్చీలో కూర్చుంటే, ఇప్పుడు ఎక్కడున్నా సరే, ఏడెనిమిదేళ్ళ వయసులోపు ఆ వైపు నీళ్ళు తాగాడని మావగారికి తెలిసిపోయేది. "మీది కనిగిరి వైపా?" అంటే వాళ్ళు బిత్తరపోయేవాళ్ళట, జ్యోతిషం వచ్చేమోనని. పెళ్ళిచూపులకు ముందు ఆ మరక పోగొట్టమని తల్లులు ఆడపిల్లల్ని తీసుకొచ్చేవారు. ఈ కథ ఏ యుద్ధం కంటే తక్కువ? మీ పెద్దాయన వృత్తిలోనూ ఇలాంటి చూపు ఒకటి ఉంటుంది, బయటివాళ్ళకు కనపడనిది ఆయనకు కనపడేది. అది దొరికేదాకా అడుగుతూ ఉండండి.

అత్తయ్యల్ని వేరుగా రికార్డు చేయండి. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఆయన మాట్లాడతారు, ఆవిడ తేదీలు సరిచేస్తారు, అంతే. సిరంజీలు ఎవరు మరగబెట్టేవారు, సూదులు ఎవరు రాయి మీద నూరేవారు, అప్పు పెట్టిన పేషెంట్ల లెక్క ఎవరి నోటుబుక్కులో ఉంది అని ఆవిణ్ణి అడిగితే, క్లినిక్ ఒక్కరిది కాదని తెలుస్తుంది. కాంపౌండరు బతికుంటే ఆయన్నీ అడగండి.

తారీకులు పట్టుకోవడం

"ఏ సంవత్సరం?" అంటే పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు. ఊరంతా గుర్తుపెట్టుకున్న సంఘటన పక్కన పెట్టి అడగండి. పొట్టి శ్రీరాములు గారు పోయినప్పుడు (1952 డిసెంబరు 15, ఇక్కడ మద్రాసులోనే) మీరు ఏ క్లాసు? లాల్ బహదూర్ శాస్త్రి గారు తాష్కెంట్‌లో పోయినప్పుడు (1966 జనవరి 11) ఎక్కడున్నారు? జై ఆంధ్ర గొడవలప్పుడు క్లినిక్ మూశారా? దివిసీమ ఉప్పెనకు (1977 నవంబరు 19) ముందా, తర్వాతా? పుష్కరాలు ఇంకా మంచివి. పన్నెండేళ్ళకోసారి కాబట్టి కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, 2004, 2016 అని వెనక్కీ ముందుకీ లెక్కేసుకోవచ్చు.

పుట్టినతేదీకి ఎస్సెల్సీ బుక్కును గుడ్డిగా నమ్మొద్దు. ఆ రోజుల్లో బడిలో మాస్టారు వేసిందే పుట్టినరోజు. జాతకం ఉంటే తెలుగు సంవత్సరం పేరు చూడండి. బహుధాన్య అంటే 1938, మళ్ళీ 1998. అరవై ఏళ్ళ తేడా కాబట్టి తికమక ఉండదు. కానీ ఉగాదికి ముందు, అంటే పుష్యం, మాఘం, ఫాల్గుణంలో పుట్టినవాళ్ళకు ఇంగ్లీషు సంవత్సరం చాలావరకు ఒకటి ముందుకు జరుగుతుంది, జాగ్రత్త.

కాగితాలు, మెడల్స్

మా చుట్టాల్లో సగం మంది ఆయన్ని మేజర్ గారు అంటారు. ర్యాంకు ఏదన్నది తేల్చేది చుట్టాలు కాదు, మెడల్ అంచు. 1965లో పనిచేసినవాళ్ళకు సాధారణంగా రక్షా మెడల్, యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకు సమర్ సేవా స్టార్ ఇచ్చారు. 1971 అయితే సంగ్రామ్ మెడల్, తూర్పు వైపు పూర్వీ స్టార్, పడమర పశ్చిమీ స్టార్. గుండ్రటి మెడల్‌కి అంచు మీద, స్టార్‌కి వెనక వైపు నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. అక్షరాలు అరిగిపోతే గదిలో లైటు తీసేసి, సెల్‌ఫోన్ టార్చిని మెడల్‌కి పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకోండి. నీడల్లో అక్షరాలు లేస్తాయి. అప్పుడు ఇంకో ఫోన్తో ఫోటో తీయండి. మావగారిది కెప్టెన్. బ్రాసో పెట్టి తళతళలాడించాలని మాత్రం చూడొద్దు. రుద్దిన కొద్దీ ఆ అక్షరాలే ముందు పోతాయి. రిబ్బను ఉతకొద్దు.

సర్వీసు కాగితాలు వెతికేటప్పుడు ఒకటి తెలుసుకోవాలి. జవాన్ల రికార్డులు వాళ్ళ వాళ్ళ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌వి నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీరింగ్ దళానివి బెంగళూరులో. వాళ్ళకు డిశ్చార్జి బుక్కు అని ఉంటుంది, అందులో సగం జీవితం ఉంటుంది. ఆఫీసర్ల రికార్డులు ఢిల్లీ వైపు. ఆఫీసర్ల నియామకాలు, ప్రమోషన్లు భారత ప్రభుత్వ గెజెట్ మొదటి భాగం, నాలుగో సెక్షన్లో అచ్చవుతాయి. పాత గెజెట్లు ఈ-గెజెట్ సైట్లో స్కాన్ చేసి పెట్టారు. వెతకడం విసుగు, కానీ పేరు కనపడినప్పుడు ఆ విసుగంతా పోతుంది. కొన్నేళ్ళకే చేరే షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకు మామూలుగా పెన్షన్ ఉండదు, కాబట్టి పెన్షన్ కాగితం కనపడలేదని ఇల్లంతా తిరగెయ్యకండి.

మీ పెద్దాయన ఇంకా పాతకాలం డెంటిస్టయితే డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో ఏ భాగం అని ఉందో చూడండి. 1948 డెంటిస్టుల చట్టం రిజిస్టరును రెండు చేసింది. డిగ్రీ ఉన్నవాళ్ళు 'ఎ' భాగం, డిగ్రీ లేకుండా అప్పటికే చేయి తిరిగినవాళ్ళు 'బి' భాగం. బి అని ఉంటే సిగ్గుపడి దాచొద్దు, ఆ చెయ్యి ఎవరి దగ్గర తిరిగిందో అడగండి.

నడవగలిగితే ఒకసారి పాత చోట్లకు తీసుకెళ్ళండి. మద్రాసు డెంటల్ కాలేజీ 1953లో మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా మొదలైంది. ఇప్పుడది ఫోర్ట్ స్టేషన్ దగ్గర ఉంది. ఆదివారం పొద్దున వెళ్తే బ్రాడ్‌వే వైపు కూడా ఊపిరాడుతుంది. ఇంట్లో గుర్తురాని హాస్టలు మెస్సూ, సెకండ్ హ్యాండు పుస్తకాలు కొన్న మూర్ మార్కెట్టూ (1985లో కాలిపోయింది) కారు కిటికీలోంచి గుర్తొస్తాయి. రికార్డరు ఆన్‌లో ఉంచండి.

టైపు చేసి పుస్తకం చేయడం

వాయిస్ టైపింగ్ నెల్లూరు యాసను నమిలి ఉమ్మేస్తుంది. కష్టమైనా విని టైపు చేయడమే మేలు. ఆయన మాటను ఆయన మాటలాగే ఉంచండి. మావగారు ఇప్పటికీ "చలో, జల్దీ" అంటారు, బనియన్ని "బండీ" అంటారు. అవి తీసేసి "సత్వరమే" అని రాస్తే ఆయన కాక ఇంకెవరో మాట్లాడినట్టుంటుంది. కర్మయోగి, సేవామూర్తి లాంటి మాటలు నేను ఒక్కటీ పెట్టలేదు. అవి పెట్టడానికి సన్మానపత్రాలు రాసేవాళ్ళు వేరే ఉన్నారు.

ఆయన చెప్పిన తేదీకీ కాగితంలో ఉన్న తేదీకీ కుదరకపోతే రెండూ రాయండి, ఏది ఎక్కడిదో చెప్పండి. ఆయన మాటను కొట్టేయొద్దు. పేషెంట్ల పేర్లు మాత్రం తీసేయండి, ఎవరి పళ్ళు ఊడాయన్నది వాళ్ళ మనవళ్ళకు మనం చెప్పాల్సిన సంగతి కాదు. పెళ్ళిచూపుల అమ్మాయిల ఊర్లు కూడా తీసేశాను.

అచ్చు వేసేముందు ఒక కాపీ పెద్ద అక్షరాలతో, కనీసం 18 పాయింట్లలో, పక్కన బాగా మార్జిన్ వదిలి తీసి ఆయనకే ఇవ్వండి. పేజీకి ఒకవైపే ప్రింటు. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించండి, పుస్తకం కుట్టు అయితే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు మూసుకుపోతుంది. చదవలేకపోతే మీరే రోజుకు కొంచెం చదివి వినిపించండి. తప్పులు చెబుతారు, అవి కాక ఇంకో నాలుగు కొత్త సంగతులు చెబుతారు, కాబట్టి అప్పుడు కూడా ఫోన్ తువ్వాలు మీద ఉండాలి. ఆడియో ఫైళ్ళు ఒక పెన్‌డ్రైవులో, ఒకటి గూగుల్ డ్రైవులో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. ఫైలు పేరులో తారీకు, ఏ వస్తువు గురించి మాట్లాడారో రాయండి. నాది "తీగ కత్తెర" అని ఉంటుంది, "రికార్డింగ్ 14" అని కాదు.